పళ్ళు అరగదీయించుకునే ముందు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. చాలాకాలంగా నిన్ను పీడిస్తున్న తలనొప్పికి కారణం దొరికిందని సంబరంగా చెప్పింది. కళ్ళ డాక్టరు చూసి చూపు బాగుందన్నాడట. ముక్కు డాక్టరు సైనస్ కాదన్నాడట. స్కానింగ్‌లోనూ ఏమీ లేదట. చివరికి ఒక పళ్ళ క్లినిక్‌లో, నీ పైపళ్ళూ కిందిపళ్ళూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవడం లేదనీ, దవడ మీద భారం పడి తలనొప్పి వస్తోందనీ చెప్పారట. వెనక పళ్ళన్నీ అరగదీసి క్యాపులు వేస్తే నొప్పి పోతుందన్నారట. వచ్చేవారం మొదలుపెట్టడానికి అడ్వాన్స్ కట్టమన్నారట.

నేను ఇన్నేళ్ళూ కాలేజీలో పిల్లలకు చెప్పిన పాఠం ఈ దవడ నొప్పి గురించే. పైగా నీ పెద్దమ్మను. అందుకే ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చకుండా కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువు.

వాళ్ళు చెప్పినదాంట్లో మొదటి సగం నిజం కావచ్చు. దవడ వల్ల తలనొప్పి వస్తుంది. ఎంతోమంది ఆ సంగతి తెలియక ఏళ్ళ తరబడి మాత్రలు మింగుతూ గడుపుతారు. నీ రెండు కణతల మీదా వేళ్ళు ఆనించి వెనక పళ్ళు గట్టిగా బిగించి చూడు. వేళ్ళ కింద కండ ఉబికి లేస్తుంది. దాని పేరు టెంపొరాలిస్. పుర్రె పక్కన విసనకర్రలా పరుచుకుని, కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, బుగ్గ ఎముక వెనకనుంచి దిగి దవడను పట్టుకుంటుంది. నువ్వు కణత అనుకునే చోటంతా నమిలే కండరమే. నిద్రలో పళ్ళు నూరినా, పగలు తెలియకుండా బిగపట్టి కూర్చున్నా అలిసిపోయేది అదే. తెల్లారి లేవగానే నీకు కణతలు బరువుగా ఉంటాయని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు ముందు ఇదే తోచింది.

ఇంకో సంగతి. పళ్ళు, దవడ, బుగ్గ, నుదురు, కంటి చుట్టూ ఉన్న భాగం, మెదడును కప్పి ఉంచే పొరలు, వీటన్నిటి నొప్పినీ పైకి చేరవేసేది ప్రధానంగా ఒకే నాడి, ట్రైజెమినల్. మెడ పైభాగం నుంచి వచ్చే నాడులు కూడా లోపల దాని దగ్గరికే వచ్చి కలుస్తాయి. అందుకని దవడలో పుట్టిన నొప్పి చెవిలో తెలుస్తుంది, మెడ పట్టేస్తే నుదుట తెలుస్తుంది. పార్శ్వనొప్పి ఉన్నవాళ్ళకు దవడ నొప్పి కూడా ఉండటం, రెండూ ఒకదాన్నొకటి పెంచుకోవడం మేం తరచుగా చూసేదే. నీకు ఉన్నది ఒక్క నొప్పే అని ముందే అనుకోకు.

అది దవడ నొప్పి అని తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. 2014లో పలు దేశాల నిపుణులు కలిసి రాసుకున్న ప్రమాణాల్లోనూ, అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018లో అచ్చువేసిన వర్గీకరణలోనూ దాని సారం ఒకటే. నమిలినప్పుడో, ఆవలించినప్పుడో, పళ్ళు బిగించినప్పుడో ఆ తలనొప్పిలో తేడా రావాలి. డాక్టరు కణత కండరాన్ని వేళ్ళతో నొక్కినప్పుడు గాని, నోరు తెరిపించి దవడను పక్కలకు కదిలించినప్పుడు గాని, నీకు రోజూ వచ్చే నొప్పే మళ్ళీ రావాలి. ఏదో ఒక నొప్పి వస్తే చాలదు. ‘ఇదే నా తలనొప్పి’ అని నువ్వు గుర్తుపట్టాలి. నీ కణతలు నొక్కి చూశారా అని మీ అమ్మనడిగాను. ఎక్స్-రే తీశారు, పళ్ళకు ఫొటోలు తీశారు, కణత మీద చెయ్యి మాత్రం వెయ్యలేదంది. నా బెంగంతా అక్కడే మొదలైంది తల్లీ.

దవడకూ తలనొప్పికీ సంబంధం ఉండవచ్చు. కానీ అక్కడినుంచి ‘పలువరుస తప్పు, అందుకే నొప్పి, కాబట్టి పళ్ళు అరగదీయాలి’ అనే మాటకు దూకడానికి ఆధారం లేదు. పైపళ్ళు ముందుకు పొడుచుకొచ్చీ, కిందిపళ్ళు వంకరటింకరగా ఉండీ, జన్మలో దవడ నొప్పి ఎరగనివాళ్ళు మన చుట్టాల్లోనే ఎంతమంది లేరు! తీరైన పలువరుస ఉండి నోరు తెరవలేక ఏడ్చినవాళ్ళను కూడా నేను చూశాను.

ఈ ఆలోచనకు చాలా చరిత్ర ఉంది. 1934లో అమెరికాలో, సెయింట్ లూయిస్ నగరంలో జేమ్స్ కోస్టెన్ అనే చెవి ముక్కు గొంతు డాక్టరు ఒక వ్యాసం రాశాడు. దవడ పళ్ళు ఊడిపోయినవాళ్ళకు దవడ మరీ పైకి మూసుకుపోయి, కీలు వెనక్కి ఒత్తుకుని, అక్కడి నాడులు నలిగి చెవినొప్పీ తలనొప్పీ వస్తాయన్నాడు. చాలాకాలం దాన్ని ఆయన పేరుతోనే పిలిచారు. పళ్ళ ఎత్తు పెంచి కీలును సర్దే వైద్యం అప్పటినుంచే జోరందుకుంది. తర్వాత శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు ఆ చోటును కోసి చూసి, కోస్టెన్ చెప్పినట్టు నాడులు నలిగే వీలు లేదన్నారు. ఆ వివరణ అలా వీగిపోయినా దానిమీద లేచిన వైద్యం మాత్రం ఆగలేదు. 1996లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణులను కూర్చోబెట్టి చర్చిస్తే, వాళ్ళు తేల్చింది కూడా వెనక్కి తీసుకోదగిన వైద్యంతోనే మొదలుపెట్టాలనీ, పళ్ళను గాని కీలును గాని శాశ్వతంగా మార్చే పనుల వల్ల మేలు జరుగుతుందనడానికి గట్టి రుజువు లేదనీ.

శాశ్వతంగా మార్చడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పే కథ ఒకటుంది. నా విద్యార్థులకు తప్పకుండా చెప్పేదాన్ని. 1980లలో అమెరికాలో దవడ కీలులోని మెత్తని బిళ్ళను తీసేసి, ఆ చోట టెఫ్లాన్ కలిసిన కృత్రిమ బిళ్ళలు అమర్చారు. నమిలే ఒత్తిడికి అవి నలిగి పొడిపొడి అయ్యాయి. ఒళ్ళు ఆ పొడిని తరిమేయబోయి చుట్టూ ఉన్న ఎముకనే తినేసింది. 1990ల మొదట్లో అక్కడి ప్రభుత్వం వాటిని వెనక్కి రప్పించేనాటికి ఎందరో నమలలేక, నోరు తెరవలేక, తొలినాటి నొప్పికి ఎన్నో రెట్లు నొప్పితో మిగిలారు. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. నీకు చెప్పింది క్యాపుల సంగతే, ఆపరేషన్ కాదు. అయినా అరగదీసిన ఎనామిల్ మళ్ళీ పుట్టదు. క్యాప్ వేసిన పంటికి కొన్నేళ్ళకు క్యాప్ మార్చాల్సి వస్తుంది. అరగదీసిన పళ్ళలో కొన్నింటికి లోపలి నరం చచ్చి రూట్ కెనాల్ దాకా పోతుంది. ఇంత చిన్న వయసులో, పుచ్చు లేని పళ్ళను అలా అప్పగించేస్తావా?

ముందు దవడకు విశ్రాంతి ఇవ్వు. డబ్బు ఖర్చు లేని పని గనక జనం దీన్ని వైద్యంగా లెక్కచెయ్యరు. నిజానికి అసలు వైద్యం ఇదే. నోరు ఊరికే ఉన్నప్పుడు పైపళ్ళూ కిందిపళ్ళూ తగలకూడదు. పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి. నాలుక కొస పైపళ్ళ వెనక చిగురు మీద తేలిగ్గా ఆనాలి. ‘న’ అనబోయి ఆగితే నాలుక ఎక్కడ ఉంటుందో ఇంచుమించు అక్కడ. బ్యాంకులో కంప్యూటర్ ముందు కూర్చుని లెక్క తేలక చూస్తున్నప్పుడు నీ పళ్ళు ఎక్కడున్నాయో ఎప్పుడైనా గమనించావా? ఒక బొట్టుబిళ్ళ తీసి మానిటర్ మూలన అంటించు. ఇంకోటి ఫోన్ వెనక, మరోటి స్కూటర్ అద్దం మీద. కంటపడ్డప్పుడల్లా పళ్ళు విడదీసి, భుజాలు దించి, ఒక్కసారి ఊపిరి వదులు. రెండు మూడు వారాలు ఇది మానకుండా చేస్తే నువ్వు ఎంతసేపు బిగపట్టి ఉంటున్నావో నీకే తెలిసొస్తుంది.

రాత్రి పడుకునే ముందు వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డను కణతలకూ బుగ్గలకూ పదిహేను ఇరవై నిమిషాలు పెట్టుకో. చర్మం కాలేంత వేడి వద్దు. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, ఉప్మా, బాగా ఉడికిన కూర తిను. చెరుకు, తేగలు, వేరుశనగ అచ్చు, గట్టి చేగోడీలు కొన్నాళ్ళు పక్కన పెట్టు. ఆవకాయ టెంక నమలడం నీకెంత ఇష్టమో తెలుసు, అదీ వద్దు. బబుల్‌గమ్ పూర్తిగా మానెయ్. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద చెయ్యి పెట్టి నోరు మరీ బార్లా తెరుచుకోకుండా ఆపుకో. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించి మాట్లాడే అలవాటు నీకూ ఉంది, మీ అమ్మకూ ఉంది. ఇద్దరూ మానండి. కాస్త నొప్పి తగ్గాక, నాలుక కొసను అంగిటికి ఆనించి ఉంచి, అది ఊడకుండా వీలైనంతవరకే నోరు తెరిచి మూయడం ఆరేసి సార్లు, రోజుకు కొన్ని విడతలుగా చెయ్యి. దవడ కండరాల సంగతి తెలిసిన ఫిజియోథెరపిస్టు దొరికితే వాళ్ళ చేతిమీద నేర్చుకోవడం ఇంకా మేలు.

కీలులో టక్కుమని చప్పుడొస్తోందని భయపడుతున్నావట. ఆ కీలులో ఎముకకూ ఎముకకూ మధ్య ఒక బిళ్ళ ఉంటుంది. నోరు తెరిచినప్పుడు అది ముందుకు జారాలి. కాస్త తప్పి ఉంటే మళ్ళీ ఎముక మీదికి ఎక్కేటప్పుడు టక్కుమంటుంది. నొప్పి లేకుండా, నోరు ఆగకుండా తెరుచుకుంటున్నంతవరకు ఆ చప్పుడుకు ఏ వైద్యమూ అక్కర్లేదు. చాలామందికి ఉంటుంది. కావాలని మాటిమాటికీ టక్కుమనిపించి చూసుకోకు, అంతే. చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయి, నోరు సగమే తెరుచుకుంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా చూపించాలి. మామూలుగా నీ మూడు వేళ్ళు నిలువుగా ముందు పళ్ళ మధ్య పట్టాలి.

మూడు వేళ్ళ మాట వచ్చింది గనక చెప్తున్నా, మీ బాబాయి చేత కూడా పెట్టించి చూడు. వక్కపొడీ గుట్కా నమిలేవాళ్ళకు బుగ్గల లోపలి చర్మం బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. అది కీలు జబ్బు కాదు, క్యాన్సర్‌కు దారితీయగల జబ్బు. ఆయన కారం తగిలితే నోరు మండుతోందంటున్నాడని విన్నాను. ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళు.

ఇక పళ్ళ డాక్టరు చెయ్యాల్సిన పని చాలానే ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దని నేననడం లేదు. చీలిన దవడ పన్ను, లోపల కుళ్ళిన నరం, అడ్డంగా మొలిచిన జ్ఞానదంతం, వీటి నొప్పి కణత దాకా పాకుతుంది. అలాంటిది ఉందేమో ఒక్కో పన్నూ తట్టి, చల్లదనం తగిలించి, అవసరమైన ఎక్స్-రే తీసి ముందు చూడాలి. ఆ మధ్య నువ్వు ఒక పంటికి సిమెంటు పెట్టించుకున్నావు కదా. అది ఎత్తుగా ఉండి, నోరు మూయగానే ఆ పన్నే ముందు తగులుతుంటే కండరాలు నొప్పెడతాయి. రంగు కాగితం కొరికించి, అంటిన చోట ఆ సిమెంటునే కాస్త గీరితే సరిపోతుంది. పెట్టినదాన్ని సరిచెయ్యడం వేరు, పుట్టుపళ్ళను అరగదీయడం వేరు. ఊడిన పళ్ళుంటే నమలడం కోసం కట్టించుకో. వంకర పళ్ళకు క్లిప్పులు వేయించుకోవాలని నీకే ఉంటే, అందం కోసమో శుభ్రం కోసమో నొప్పి తగ్గాక వేయించుకో. తలనొప్పి పోతుందన్న ఆశతో మాత్రం వద్దు.

రాత్రిపూట పెట్టుకునే స్ప్లింట్ గురించి కూడా అడిగావట. నీ పళ్ళ అచ్చు తీసి, ఒక వరుసలోని పళ్ళన్నిటినీ కప్పేలా గట్టి అక్రిలిక్‌తో చేస్తారు. నిద్రలో నూరినా పన్ను అరక్కుండా కాపాడుతుంది. నొప్పి విషయంలో కొందరికి బాగా ఉపశమనం ఇస్తుంది, కొందరికి ఏమీ తేడా ఉండదు. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు దీర్ఘకాలపు దవడ నొప్పికి వ్యాయామాలనూ, చేతితో చేసే ఫిజియోథెరపీనీ, ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్‌నూ ముందు వరుసలో పెట్టి, స్ప్లింట్‌ను వెనక్కి నెట్టాయి. నా మటుకు నాకు, పళ్ళు నూరే గుర్తులు స్పష్టంగా ఉన్నవాళ్ళకు, వ్యాయామాలతో పాటు కొన్ని నెలలు వాడి చూడటంలో తప్పు కనిపించదు. తీసేస్తే పోతుంది గనక. అయితే ముందు పళ్ళకు మాత్రమే తగిలే చిన్న ముక్క వద్దు. ఎక్కువకాలం వాడితే వెనక పళ్ళు కదిలి పలువరుసే మారిపోవచ్చు. వేడినీళ్ళలో వేసి కొరికి అచ్చు చేసుకునే రకం ఆన్‌లైన్‌లో కొనకు. స్ప్లింట్ ఇచ్చిన డాక్టరు మళ్ళీ పిలిచి, అది అన్ని వైపులా సమానంగా తగులుతోందో లేదో చూసి సరిదిద్దాలి. అలా పిలవనివాళ్ళ దగ్గర చేయించుకోకు.

కౌన్సెలింగ్ అన్నానని నీ నొప్పి నీ ఊహ అన్నానని అనుకోకు. నొప్పి నిజమైనదే. మార్చి నెలాఖరు లెక్కలు, బదిలీ భయం, నిద్ర చాలకపోవడం, ఇవన్నీ దవడ బిగిస్తాయి, నొప్పిని తట్టుకునే ఓపికనూ తగ్గిస్తాయి. పెద్ద గురక ఉంటే అది కూడా డాక్టరుకు చెప్పు. సాయంత్రం దాటాక కాఫీ మానెయ్. దిగులుకు వాడే కొన్ని మందుల వల్ల కూడా పళ్ళు నూరడం మొదలవుతుంది. అలాంటివి వాడుతుంటే దాచకుండా చెప్పు, నీ అంతట నువ్వు మాత్రం ఆపెయ్యకు. మన ఇళ్ళల్లో పళ్ళు నూరితే కడుపులో నులిపురుగులున్నాయంటారు. అమ్మమ్మ నీకు మందు తాగిస్తానంటే పెద్దావిడ మనసు నొప్పించకుండా తప్పించుకో.

నొప్పి మాత్రల విషయంలో మాత్రం కోప్పడతాను. నీ హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ ఒక షీట్ ఉంటుందని మీ అమ్మ చెప్పింది. మామూలు నొప్పి మాత్రలైనా నెలకు పదిహేను రోజులకు తగ్గకుండా మూడు నెలలకు మించి వాడితే, ఆ మాత్రల వల్లే రోజూ తలనొప్పి వచ్చే స్థితి ఏర్పడుతుంది. రెండు మూడు మందులు కలిపిన మాత్రలకైతే పది రోజులే హద్దు. క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న రోజు చుట్టూ సున్నా చుట్టు. నెలాఖరుకు ఎన్ని సున్నాలున్నాయో డాక్టరుకు చూపించు. హద్దు దాటి ఉంటే, దాన్ని సరిచెయ్యకుండా దవడకు ఏం చేసినా తలనొప్పి పూర్తిగా పోదు.

కొన్ని నొప్పులకు ఈ నిదానం పనికిరాదు. ఉన్నట్టుండి క్షణాల్లో భరించలేనంతగా వచ్చిన తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, చెయ్యో కాలో పడిపోవడం అయితే నేరుగా పెద్దాసుపత్రి. మెట్లెక్కినప్పుడు దవడ లాగి, కూర్చుంటే తగ్గుతుంటే ముందు గుండె చూపించాలి. యాభై దాటినవాళ్ళకు కొత్తగా కణత నొప్పి మొదలై, అన్నం నమిలేకొద్దీ దవడ అలిసిపోయి, తల దువ్వుకుంటే నొప్పెడుతుంటే అది కణతలోని రక్తనాళం వాపు కావచ్చు. మన దగ్గర అరుదే గాని, ఆలస్యమైతే చూపు పోతుంది. ఇది నీకు కాదు, అమ్మమ్మకోసం, మీ అమ్మకోసం తెలిసి ఉండాలి.

విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల మీకు దగ్గరే. అక్కడ ఓరల్ మెడిసిన్ విభాగం అని అడుగు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, కడపలోనూ అలాంటి కళాశాలలే ఉన్నాయి. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతోంది, ఏ మాత్రలు వాడావు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళు. ఏ వైద్యం చెప్పినా ఒక్క ప్రశ్న అడుగు: దీనివల్ల తగ్గకపోతే మళ్ళీ నా నోరు ఇప్పుడున్నట్టు ఉంటుందా? దానికి సూటిగా జవాబు చెప్పే డాక్టరు దొరికితే వాళ్ళ చేతుల్లో ధైర్యంగా ఉండు.

ఈలోగా ఆ క్లినిక్ నుంచి ఫోన్ వస్తే, ఇంకొకరికి చూపించుకుంటున్నామని మర్యాదగా చెప్పు. తీసిన ఎక్స్-రేలు అడిగి తెచ్చుకో, అవి నీవే. అడ్వాన్స్ కట్టొద్దు. డాక్టరు ఏం చెప్పారో ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే.

నీ పెద్దమ్మ